ఎర్ర వలయంలో అంకె

రోడ్ల ఆఫీసు, రెండో అంతస్తు
జనవరి 6

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "బాగున్నా, పెట్టేయ్" అంటావు. అందుకే ఉత్తరం. చిన్నప్పుడు నీ రంగు డబ్బాల మీద కూర్చుని నేను వేసిన ప్రశ్నలకి విసిగిపోయి "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది నువ్వే కదా, ఇప్పుడు అనుభవించు.

మీ ఊరి నుంచి వంతెన దాటి పక్క ఊరికి పోయే హైవే ఉందే, నలభై రెండు కిలోమీటర్లు, అది నా నెత్తిన పడింది. మా పెద్దాఫీసరు గారేమో హైవే మీద స్పీడు బోర్డులన్నీ పీకేద్దాం, రోడ్డు బాగుంటే జనం బుద్ధిగానే పోతారు అంటారు. ఆయన పక్క గదిలో ఉండే చిన్నాఫీసరు గారేమో ఇప్పుడున్న ఎనభైని డెబ్భైకి దించాలంటారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మధ్యలో నన్ను పిలిచి నాలుగు నెలల్లో తేల్చి రిపోర్టు ఇమ్మన్నారు. పరిమితి ఉండాలా, అక్కర్లేదా, ఉంటే ఎంత, ఎందుకు. ఆ చివరి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

పని ఎలాగంటే, రోడ్డుకి అడ్డంగా రెండు తెల్ల గీతలు వేయించాను. వాటి మధ్య యాభై మీటర్లు. ఇద్దరు మనుషులు పక్కన గొడుగు కింద స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు. మొదటి గీత తొక్కగానే నొక్కడం, రెండోది దాటగానే ఆపడం. రెండు సెకన్లలో దాటితే ఆ బండి తొంభైలో పోతున్నట్టు. బండి రకం, టైము, సెకన్లు రాసి ప్రతి శనివారం కాగితాలు నాకు పంపుతారు.

నీతో పనేంటంటే, ఆ రోడ్డు మీది బోర్డులన్నీ నీ చేతి రాతే కదా. వంతెన ముందు మలుపు దగ్గర కూడా ఎనభై అని ఉంది. ఆ మలుపులో ఎనభై ఎవరు పెట్టారు, ఏ లెక్కన పెట్టారు అని ఫైలు మొత్తం తిరగేశాను. ఇరవై ఆరేళ్ల కిందటి ఆర్డరు చీటీ ఉండాల్సిన చోట పిన్ను గుచ్చిన చిల్లు తప్ప ఏమీ లేదు. నీకేమైనా గుర్తుందా?

ఇంకోటి. నువ్వు చెప్పు, హైవేకి పరిమితి ఉండాలా వద్దా?

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని రివ్వున పోయిన రోజులు తలుచుకుని ఇప్పటికీ నిన్ను తిడుతుంది.

ఎందుకమ్మ


బొటిక్ వెనక గది, ఇల్లు
జనవరి 17

చిరంజీవి ఎందుకమ్మకి,

మీ అత్తయ్య ముందు గదిలో కుట్టు మిషను తొక్కుతుంటే ఆ చప్పుడుకి నా చెయ్యి కూడా ఊగుతోంది, రాత ఎలా ఉన్నా సర్దుకో. బొటిక్ అని పేరు పెట్టింది ఆవిడే. నిన్నటిదాకా అది టైలరు కొట్టు.

ఇంత చదువు చదివి పెద్ద ఉద్యోగం చేస్తూ బోర్డుల పెయింటర్ని సలహా అడిగావు, నీ గొప్పతనం. చెప్తున్నా విను. పరిమితి అక్కర్లేదు. నలభై ఏళ్లు రోడ్ల పక్కన నిచ్చెన మీద నిలబడి చూశాను. ఒక్కడంటే ఒక్కడు బోర్డు చూసి పెడల్ మీంచి కాలు తీసినవాణ్ణి చూడలేదు. మనిషి కంటికి ఎంత దూరం కనిపిస్తే అంత వేగంగా పోతాడు. ఎదర ఎండ, తిన్నని రోడ్డు, నూరు. వానలో నలభై. మంచులో ఇరవై. ఏ అంకె చెప్పింది? కన్ను చెప్పింది. కన్నుకి తెలిసింది రేకు ముక్కకేం తెలుస్తుంది?

అంకెలు ఎలా పుడతాయో నీకు తెలీదు. నాకు తెలుసు. అంతకు మించి అడగకు.

వంతెన దగ్గర ఎనభై ఎందుకంటావా, ఎనభై అని రాశాం కాబట్టి ఎనభై. నేనూ గీతల మాస్టారూ కలిసి రాశాం. ఆయన గుర్తున్నాడు కదా, నాకంటే ముందు బోర్డు మీద సన్న గీతలు కొట్టి ఇస్తాడు, వాటి మధ్యలో నేను అంకె నింపుతాను. ఆయన గీత లేకపోతే నా అంకె కుంటుతుంది. ఇప్పుడు పక్క ఊళ్లో కూతురి దగ్గర మంచం పట్టి ఉన్నాడు, కుడి పక్క పడిపోయింది. వారం వారం వెళ్లి చూసొస్తున్నాను. మాట ముద్దగా వస్తుంది, నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. నేను వెళ్లిన పూటే ఆయన నోరు విప్పుతాడని కూతురు చెప్పింది. అందుకని ఉరుములొచ్చినా మెరుపులొచ్చినా మానను.

మీ అమ్మకి చెప్పు, ఆవిడ తమ్ముడు ఇంకా అదే రివ్వు అని.

మామయ్య


రోడ్ల ఆఫీసు, లెక్కల గది
ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ఉత్తరం చదివి పెద్దాఫీసరు గారే వచ్చి నీ చేత రాయించారేమో అనుకున్నాను. అచ్చు ఆయన మాటలే.

ఆరు వారాల కాగితాలు వచ్చాయి. నాకు నిద్ర పట్టనంత సరదాగా ఉంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. వంద బండ్లని నెమ్మదైనవాటి నుంచి వేగమైనవాటి దాకా వరసగా నిలబెట్టి, ఎనభై ఐదో బండి ఎంతలో పోతోందో చూస్తారు. అదే పరిమితిగా పెడతారు. అంటే జనాన్ని ఆపడానికి పెట్టే అంకెని జనం దగ్గరే అడిగి తెచ్చుకుంటున్నాం అన్నమాట! నాకిది ముందు నవ్వొచ్చింది, తర్వాత నచ్చింది. తిన్నని దారిలో నీ రోడ్డు మీద ఎనభై ఐదో బండి తొంభై రెండులో పోతోంది.

ఇంకో తమాషా చేశాను. తిట్టుకోకు. తిన్నని దారిలో నీ బోర్డులకి వారం రోజులు గోనె సంచులు కట్టించాను. అంకె కనిపించకపోతే జనం ఏం చేస్తారో చూద్దామని. పెరిగింది ఎంతో తెలుసా? నాలుగు కిలోమీటర్లు. నలభై ఏళ్ల నీ చాకిరీ విలువ గంటకి నాలుగు కిలోమీటర్లు మామయ్యా. కానీ ఆ నాలుగూ వేగంగా పోయే వాళ్లే పెంచారు, నెమ్మదిగా పోయే వాళ్లు కదల్లేదు. ఇది ఎందుకో నాకు ఇంకా తెలీదు.

నీ కంటి సిద్ధాంతం మాత్రం మలుపు దగ్గర పనిచెయ్యలేదు. అక్కడ రాతి గట్టు అడ్డం వచ్చి ఎదర కనిపించేది తొంభై మీటర్లే. ఎనభైలో వచ్చే బండి ఆగాలంటే నూట ఇరవై కావాలి. అరవైలో అయితే ఆగుతుంది. కానీ జనం అక్కడ కూడా డెబ్భై ఎనిమిది, ఎనభై పోతున్నారు. కన్ను చెప్పడం లేదు. బోర్డు చెప్పిందే నమ్ముతున్నారు. మిగతా చోట్ల నిన్ను లెక్క చెయ్యనివాళ్లు సరిగ్గా ఆ ఒక్కచోట నీ మాట వింటున్నారేమిటి? మళ్లీ అడుగుతున్నాను, ఆ ఎనభై ఎక్కణ్ణుంచి వచ్చింది?

చివర్లో ఒక వింత. గురువారం గురువారం పొద్దున పదీ నలభైకి ఒక కారు వస్తుంది. ముప్పై ఎనిమిదిలో. మధ్యాహ్నం మూడున్నరకి అదే వేగంలో తిరిగెళ్తుంది. లారీలు కూడా దాన్ని దాటేస్తాయి. వెనక పది పన్నెండు బండ్లు తోకలా. స్టాప్‌వాచ్ వాళ్లు దానికి "నత్త" అని పేరు పెట్టారు, కాగితం మీద కూడా అలాగే రాస్తున్నారు. ఎవరై ఉంటారంటావు? కొత్తగా నేర్చుకునేవాడా, గుడ్లు తీసుకెళ్లేవాడా?

నీ ఉత్తరంలో అక్షరాలు ఇంతింత లావున్నాయి. పేజీకి తొమ్మిది లైన్లు. బోర్డు రాస్తున్నాననుకున్నావా?

ఎందుకమ్మ


ఇల్లు
మార్చి 14

ఎందుకమ్మా,

నా అంకెలకి గోనె సంచులు కట్టించావా! పెంచి పెద్ద చేసినందుకు బాగా బుద్ధి చెప్పావు. లావుగా రాయడం నా చేతి వాటం, కొత్తగా వచ్చింది కాదు.

ఆ నత్త అని నవ్వుతున్నారే, వాళ్లకి చెప్పు, ఆ బండిలో ఉన్నవాడే ఆ రోడ్డు మీద ఒకే ఒక్క తెలివైనవాడు. తనకి ఎంత తెలుస్తోందో అంతే పోతున్నాడు. ఎవరి జోలికీ పోడు, ఎడమ పక్కనే పోతాడు. వెనక ఉన్నవాళ్లే చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడతారు, దాటుతూ అద్దం దించి నానా మాటలు అంటారు. పెద్దవాడనైనా చూడరు. దొంగతనం ఏమన్నా చేశాడా? పరిమితి అంటే ఇంతకు మించి పోవద్దనే కదా, ఇంతకు తగ్గొద్దని ఎక్కడుంది? నీ రిపోర్టులో ఆయన మీద ఒక్క ముక్క రాశావంటే నీతో మాట్లాడను.

మలుపు గురించి చెవిలో జోరీగలా అడుగుతున్నావు. ఇరవై ఆరేళ్లు ఎవరికీ అక్కర్లేనిది నీకెందుకు? ఆర్డరు వచ్చింది, రాశాం. అంతే. నిన్న గురువారం వెళ్లినప్పుడు కూడా చూశాను, ఎర్ర వలయంలో నా ఎనభై నిగనిగలాడుతోంది. ఇప్పుడు మీరు అతికిస్తున్న స్టిక్కర్ అంకెలు ఐదేళ్లు కూడా నిలవవు. నా ఎనిమిది చూడు, నడుము ఎక్కడా జారలేదు.

గీతల మాస్టారు ఈసారి ఎడం చేత్తో పలక మీద గీత గీశాడు. వంకర లేదు. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మామయ్య


రోడ్ల ఆఫీసు
మార్చి 19

మామయ్యా,

ఒక్క చిన్న పని. వచ్చే గురువారం మలుపు దగ్గర బండి పక్కకి ఆపి, దిగి, ఆ బోర్డు కింద నిలబడి దాని మీద ఏముందో చూసి రాయి. గుర్తున్నది కాదు. చూసింది.

ఇంకేమీ అడగను.

ఎందుకమ్మ


ఇల్లు
మార్చి 27

ఎందుకమ్మా,

నీ మాట కాదనలేక దిగి మరీ చూశాను. ఎనభై. ఇంకేముంటుంది, నీ తలకాయా?

మామయ్య


రోడ్ల ఆఫీసు, పని గంటలు
ఏప్రిల్ 1

శ్రీయుత బోర్డుల పెయింటరు గారికి,

అయ్యా,

తమరికి ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, వంతెన ముందు మలుపు వద్ద గల ఎనభై బోర్డును అత్యవసర ఉత్తర్వు మేరకు ఫిబ్రవరి ఇరవై నాలుగున తొలగించి, అదే స్తంభానికి, అదే కొలత గల ఎర్ర వలయంలో అరవై అంకె గల కొత్త బోర్డు బిగించడమైనది. కావున మార్చి పదమూడున తమరు నిగనిగలాడుతుండగా చూసితిమన్న ఎనభై, ఇరవై ఏడున బండి దిగి మరీ చూసితిమన్న ఎనభై, ఆ రెండు రోజులూ మా ఆఫీసు గోదాములో గోడకు ఆనించి ఉన్నవి.

మామయ్యా, ఇలా రాయకపోతే చెయ్యి ఆడలేదు. ఇక నావల్ల కాదు, మామూలుగానే రాస్తాను.

అది నీ చేతి రాత కదా, తీసేశానని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. చెప్పి ఉంటే ఇది బయటపడేది కాదు. నీ మార్చి ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను, పెద్దాయన పరాకుగా ఉన్నాడని. తర్వాత నత్త మీద నీ కోపం మళ్లీ చదివాను. ఎడమ పక్కనే పోతాడని, అద్దం దించి తిడతారని నీకెలా తెలుసు? నేనవేమీ రాయలేదే. గురువారం అని రెండుచోట్లా ఉంది. పదీ నలభై అంటే నువ్వు ఇంట్లో పదింటికి బయల్దేరినట్టు. అందుకే దిగి చూడమన్నాను. పరీక్ష పెట్టాను, తప్పే. నువ్వు అరవై అని రాస్తావని పోస్టు డబ్బా దగ్గర నాలుగు రోజులు కాపలా కాశాను.

నీకు కనిపించడం లేదు మామయ్యా. ఎంత కాలమైంది?

ఇంకోటి నువ్వు తెలుసుకోవాలి. మార్చి ఇరవయ్యో తారీకు పొద్దున నీ వెనక విసిగిపోయిన పాల వ్యాను కుడి వైపుకి తీసి నిన్ను దాటబోయింది. ఎదర స్కూలు బస్సు. బస్సు డ్రైవరు మట్టిలోకి దింపేశాడు కాబట్టి సరిపోయింది. స్టాప్‌వాచ్ మనిషి గొడుగు వదిలేసి పరిగెత్తాడట. నువ్వు ఆగలేదు. చూడలేదు కాబట్టి ఆగలేదని నాకు తెలుసు, అతనికి తెలీదు. "నత్త ఆగకుండా వెళ్లిపోయింది" అని రాశాడు.

నువ్వు నీ సిద్ధాంతాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నావు. ఎంత కనిపిస్తే అంతే వేగం. ఆ రోడ్డు మీద దాన్ని పాటించేది నువ్వొక్కడివే. కానీ కనిపించడమే ఆగిపోతే వేగం ముప్పై ఎనిమిది కాదు, సున్నా.

అమ్మకి చెప్పలేదు. అత్తయ్యకి చెప్పలేదు. ఈ నెల పదిహేను దాకా చెప్పను. ఆ లోపు నువ్వే చెప్పాలి. ఆ తర్వాత నా నోరు నా మాట వినదు. గీతల మాస్టారు సంగతి నాకు తెలియక కాదు. నువ్వు వెళ్లని గురువారం ఆయన ఎవరితోనూ మాట్లాడడని తెలిసే రాస్తున్నాను. రాస్తూ ఏడుస్తున్నాను కూడా, ఇది ఆఫీసు కాగితం, తడిస్తే బాగోదు, ఉంటాను.

నీ ఎందుకమ్మ


ఇల్లు, వెనక గది
ఏప్రిల్ 12

అమ్మా,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం పక్కనుంచి చూడాలి. నేరుగా చూస్తే చూసిన చోటే మాయమవుతుంది. చూపుకి నడిమధ్యలో బూడిద రంగు మచ్చ. చుట్టూ అన్నీ ఉంటాయి. గట్టు తెలుస్తుంది, తెల్ల గీత తెలుస్తుంది, లారీ తెలుస్తుంది. మనిషి నిలబడితే చెప్పులూ జుట్టూ కనిపిస్తాయి, మొహం ఉండదు. బోర్డుకి ఎర్ర వలయం కనిపిస్తుంది. లోపల అంకె ఉండాల్సిన చోటే ఏమీ ఉండదు. ఆ ఖాళీని నా చెయ్యి నింపేసింది. నేను అబద్ధం చెప్పలేదమ్మా. దిగి నిలబడ్డాను. ఒట్టు, నాకు ఎనభై కనిపించింది.

ఏడాదిన్నర అయింది. డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను, ఇక తిరిగి రాదన్నాడు. బండి మానెయ్యమన్నాడు. మీ అత్తయ్యకి కొత్త కళ్లజోడు కావాలన్నాడని చెప్పాను.

పాల వ్యాను సంగతి నాకు తెలీదు. హారను వినపడింది, రోజూ వినపడేదే కదా అనుకున్నాను. ఆ స్కూలు బస్సు నా పక్కనుంచే మట్టిలోకి దిగిందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నేను నెమ్మదిగా పోతే ఎవరికీ ఏమీ కాదని నమ్మాను. నెమ్మది కూడా ఒకరి మీద పడుతుందని తట్టలేదు.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మీ అత్తయ్యకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ నా చొక్కా పట్టుకుని పై గుండీ విప్పి కింద కాజాలో పెడుతూ, "మూడు నెలల్నుంచీ రోజూ సరిచేస్తున్నా. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా," అంది. అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున మీ అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ మాత్రం అరిచింది, మనసు కుదుటపడింది.

ఇక నువ్వు జనవరి నుంచి అడుగుతున్నది. ఎన్నాళ్లు నీళ్లు నమలను?

ఆ ఎనభై పుట్టింది నా రంగు డబ్బా కింద. ఆర్డరు చీటీ మీ ఆఫీసు నుంచి వచ్చింది, చేత్తో రాసింది, సిరాతో. చీటీ బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద ఎర్ర రంగు డబ్బా పెట్టాను. డబ్బా అడుగు వలయం అంకె మీద అచ్చుపడింది. చీటీలో ఉన్నది అరవై. ఆ మరక వంపు ఆరు నెత్తికి కుడి పక్కన తగిలి దాన్ని మూసేసింది. ఆరు ఎనిమిదైంది. నేను ఎనభై అని చదివి రాసేశాను. మలుపు దగ్గర ఎనభై ఏమిటని ఒక్క క్షణం ఆలోచించలేదు. బోర్డు స్తంభానికి ఎక్కాక గీతల మాస్టారు చీటీ మడుస్తూ వెలుతురుకి పెట్టి చూశాడు. ఎర్ర రంగు కింద నల్ల సిరా ఎక్కడ ఆగిందో తెలిసిపోయింది. ఆయన నిచ్చెన మళ్లీ తెచ్చాడు. నేను దించనివ్వలేదు. నేను రాసిన అంకె తప్పని నలుగురిలో ఒప్పుకోవాలా అని. మీ ఆఫీసు మనిషి వచ్చి చూసి, తల ఊపి, సంతకం పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత పోలీసులు ఆ అంకె ప్రకారమే జరిమానాలు రాశారు. జనం దాన్నే నమ్మారు. పెంకుల లారీ ఒకటి అక్కడే బోర్లా పడింది, డ్రైవరు చెయ్యి విరిగింది. ఆ రోజు మాస్టారు నా వైపు చూశాడు.

అందుకే అంకెలంటే నాకు మంట. పరిమితులు అక్కర్లేదని నేను ఊరంతా తిరిగి వాదించింది అందుకే. అంకె ఎలా పుడుతుందో తెలిసినవాడు దాన్ని ఎలా నమ్మగలడు? అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అప్పుడు కళ్లు బాగున్నాయి, చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే కళ్లు లేవు. రెండుసార్లూ నాకు కనిపిస్తోందనే అనుకున్నాను. నీ రిపోర్టులో ఇది రాసుకో: తనకి ఎంత కనిపిస్తోందో ఏ మనిషీ నిజం చెప్పడు, తనకి తాను కూడా. అందుకని బయట ఎవరో ఒకరు కొలిచి అంకె చెప్పాలి. కొలిచి. డబ్బా పెట్టి కాదు.

ఆ చీటీ ఇన్నేళ్లూ మాస్టారు పెట్టెలో ఉంది. మొన్న గురువారం అడిగి తెచ్చుకున్నాను. ఇందులో పెట్టాను, నీ ఫైల్లో పిన్ను చిల్లు దగ్గర గుచ్చు. దాంతోపాటు కారు తాళంచెవి కూడా ఉంది. మొన్నటి గురువారం కూడా దాంతోనే వెళ్లాను, చివరిసారి. తిట్టు, పడతాను. తిరిగొచ్చేటప్పుడు దార్లో మూడుసార్లు ఆపి వెనకవాళ్లని ముందుకి పంపాను.

మామయ్య


రోడ్ల ఆఫీసు
మే 3

మామయ్యా,

తాళంచెవి కవరులోంచి బల్ల మీద పడింది. చీటీ తర్వాత చూశాను. చివరి గురువారం సంగతికి నిన్ను తిట్టాలనే కూర్చున్నాను, తిట్లు రాలేదు.

చీటీని కిటికీ వెలుతురుకి పెట్టాను. ఎర్ర వంపు కింద ఆరు స్పష్టంగా ఉంది. నాలుగు నెలలు గొడుగు కింద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, లెక్కలు కట్టి, నేను చేరిన అంకె కూడా అదే. ఎవరో పేరు తెలియని మనిషి ఇరవై ఆరేళ్ల కిందటే కొలిచి రాసి పెట్టాడు. ఆయన సంతకం కూడా నీ డబ్బా కిందే పోయింది, పొడి అక్షరాలు రెండే మిగిలాయి. ఎవరో కనుక్కోవాలని తెగ కుతూహలంగా ఉంది.

చీటీ ఫైల్లో పెడితే నీ పేరు బయటికొస్తుంది. పెట్టనా మాననా అని వారం ఆలోచించి, పెట్టాను. నువ్వు పెట్టమన్నావు కాబట్టి. పెద్దాఫీసరు గారు చదివి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఏమంటారో అని చూస్తే, "ఈ పెయింటరు గారిని ఒకసారి కలవాలి," అన్నారు.

రిపోర్టు ఇచ్చేశాను. తిన్నని దారికి తొంభై. మలుపుకి అరవై, దానికి ముందు రెండుచోట్ల హెచ్చరిక. నెమ్మదిగా పోవాల్సిన బండ్లకి పక్కన వేరే వరస. నీ వాక్యం మొదటి పేజీలో పెట్టాను, "ఒక అనుభవజ్ఞుడి మాట" అని. ఆఫీసర్లిద్దరూ ఒప్పుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే.

గురువారం సంగతి. పొద్దున తొమ్మిదిన్నరకి మీ వీధి చివర ఆగే బస్సు మాస్టారి కూతురి ఇంటి సందు ముందు నుంచే పోతుంది. డ్రైవరుతో మాట్లాడాను. ముందు సీటు నీది. మొదటి వారం అత్తయ్య వస్తుంది, తర్వాత నీకే అలవాటవుతుంది.

గోదాము నుంచి నీ పాత బోర్డు అడిగి తీసుకున్నాను. తుక్కు కింద రాసేశారు, ఎవరికీ అక్కర్లేదు. అదే బస్సులో పంపుతున్నాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఎందుకమ్మ


గీతల మాస్టారి గది
మే 22

ఎందుకమ్మా,

ఇది మాస్టారి కూతురు రాస్తోంది, నేను చెప్తుంటే. నా రాతకి పేజీకి నాలుగు లైన్లే పడుతున్నాయి, తపాలా బరువెక్కుతోంది.

బస్సు బాగుంది. మలుపు దగ్గర పక్కాయన్ని బోర్డు మీద ఏముందండీ అని అడిగాను. చూడలేదండీ అన్నాడు. వెనకావిణ్ణి అడిగితే బోర్డు ఎక్కడుందన్నది. డ్రైవరు మాత్రం అరవై అన్నాడు, అప్పటికే కాలు తీసేశాడు.

నువ్వు పంపిన బోర్డు మాస్టారి మంచానికి ఆనించాం. వేళ్లతో తడిమాను. మూడు పూతలు వేసిన రంగు కదా, అంచు గట్టిగా తెలుస్తోంది. ఎనిమిదిలో పై వలయం కింది దానికంటే పిసరు చిన్నది. దూరం నుంచి రెండూ సమానంగా కనిపించాలంటే అలాగే ఉండాలి. ఇరవై ఆరేళ్లయినా నడుము జారలేదని రాశానే, నిజమే. తప్పుని ఎంత బాగా రాశానో.

మాస్టారు ఏదో అన్నాడు. కూతురికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. తెల్ల రంగు తెప్పించమన్నాడు. ఎడం చేత్తో పెన్సిలు పట్టుకుని ఎనిమిది నెత్తికి కుడి పక్కన రెండు గీతలు కొట్టాడు. నాకు కనిపించవు కాబట్టి వాటి మీద దారం అతికింపించాడు, కూతురి చేత. ఆ దారాల మధ్య వేలు పెట్టి, వేలు వెనకే బ్రష్షు నడిపాను. ఇంకొంచెం కింద అంటాడు, ఆగు అంటాడు. ఆగమన్నచోట ఆగాను. ఒక్క గీతంత పని. పావుగంట పట్టింది.

ఆరగానే కూతుర్ని అడిగాను, ఏముందమ్మా అని.

"అరవై," అంది.

మామయ్య